మాలపల్లి గ్రంథకర్త ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు



మన పాఠశాల వార్షిక సంచికకు రచనలు పంపుడని ప్రకటించిన ప్రతి సంవత్సరమును ఉపాధ్యాయుల బల్లమీద కథలు గుట్టలుగా చేరును. వానిని చదువుట నాకు మిక్కిలి ప్రీతి. అయినను చదువుచుండగా నొక వింత తోచుచుండును. కథలు వ్రాసినవారిలో పెక్కుమంది మిరపకోతకును పత్తితీతకును పోవు తల్లిదండ్రుల బిడ్డలు. వారి కథలలో మాత్రము రాజకుమారులు, మేడలు, కారులు, ఎన్నడును చూడని మహానగరములు. ఇంటిముంగిట నెండుచున్న మిరపకాయల ఘాటు గాని, పత్తిచేలలో వంగి వంగి నొచ్చిన తల్లి నడుము గాని ఆ కథలలో నెచ్చటను కానరాదు. ఇట్లేల వ్రాసితివని యొక విద్యార్థి నడిగితిని. మా పల్లెను గూర్చి వ్రాసిన నెవరు చదువుదురని యతడు తల వంచుకొని బదులు చెప్పెను.

ఆ ప్రశ్నకు నేనప్పుడు తగిన సమాధానము చెప్పలేకపోతిని. ఇంటికి పోయిన పిమ్మట మన జిల్లావాడే యగు నొక పెద్దమనుష్యుని జీవితము జ్ఞప్తికి వచ్చెను. ఆయన జీవితమే ఆ ప్రశ్నకు సమాధానము. ఆయన ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు. ఆయన వ్రాసిన గ్రంథము మాలపల్లి. ఆ నవల పేరు వినని తెలుగువారు అరుదు. కాని యది యెట్లు పుట్టెనో, పుట్టి పాఠకుల చేతికి స్వేచ్ఛగా జేరుట కెన్ని యేండ్లు పట్టెనో యెరిగినవారు కొలదిమందియే. కథలు వ్రాయదలచిన మీకు ఆ చరిత్రము ఉపయోగపడునని తలంచి యిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాను.

లక్ష్మీనారాయణగారు 1877వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన, నాటి సత్తెనపల్లి తాలూకాలోని వేములూరుపాడు గ్రామమున జన్మించిరి. తండ్రి శ్రీరాములుగారు, తల్లి శేషమ్మగారు. 1876 మొదలు 1878 వరకు దక్షిణ హిందూదేశము ఘోరమైన కరువుచేత నల్లాడినది. మన పెద్దలు ధాత కరువని చెప్పుకొనునది యిదియే. ఆ దినములలో ఒంగోలు ప్రాంతపు నిరుపేదలు బకింగుహాము కాలువ త్రవ్వి, ఆ కూలితో ప్రాణములు నిలుపుకొనిరి. అట్టి కాలమున, అట్టి సీమలో ఆయన కన్ను తెరచెను.

నాటి పల్లెటూళ్ల యమరికను మీరొకమారు తలపునకు దెచ్చుకొనవలయును. నల్లరేగడి నేలలు, ఆకాశము దయదలచిన పంట, లేనినాడు పస్తు. కృష్ణకు ఆనకట్ట 1855లో కట్టబడినందున తెనాలి, రేపల్లె సీమలకు కాలువనీరు చేరినది గాని, జిల్లా పడమటి భాగము చాలకాలము వానను నమ్ముకొనియే బ్రదికినది. నాగార్జునసాగరపు నీరు మన పొలములకు వచ్చుట మిక్కిలి యిటీవలి మాట. ఆ మెట్టచేలలో దున్నువారు, కోయువారు, మోయువారు ఊరిలో నుండెడివారు కారు. ఊరొకచోట, పల్లె యొకచోట. రెంటి నడుమ నొక డొంకయో, చెరువుగట్టో యడ్డముగా నుండెడిది. పల్లెవాని కష్టముతో పండిన గింజ యూరిలోనికి వచ్చెడిది. పల్లెవాడు మాత్రము ఊరి బావి యొరను తాకరాదు, గుడిగడప త్రొక్కరాదు. బ్రాహ్మణ కుటుంబమున బుట్టిన లక్ష్మీనారాయణగారు ఈ యేర్పాటును బాల్యమునుండి చూచుచునే పెరిగిరి. చూచుట యందరును చూచిరి. దానిని తప్పని గ్రహించుటకును, గ్రహించిన దానిని గ్రంథముగా వ్రాయుటకును ఆయనకు నలువది యేండ్లకు పైగా పట్టెను.

స్వగ్రామమున ప్రాథమిక విద్య ముగించి, 1897లో గుంటూరున మెట్రిక్యులేషను పరీక్షయందు ఉత్తీర్ణులైరి. పిమ్మట రాజమహేంద్రవరమున ఉపాధ్యాయ శిక్షణము నంది కొంతకాలము బడిలో పాఠములు చెప్పిరి. తెలుగు నవలాకారులలో నింతటివాడు ఒకప్పుడు సుద్దముక్క చేతబట్టి నల్లబల్లయొద్ద నిలిచినవాడని తలచుకొన్నప్పుడు నావంటి ఉపాధ్యాయునకు గర్వము కలుగుట సహజము.

ఆ కాలమున రాజమహేంద్రవరమనిన కందుకూరి వీరేశలింగము పంతులుగారి పేరే స్ఫురించెడిది. పంతులుగారు 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన ఆ పట్టణమున తొలి వితంతువివాహమును జరిపించి, నిందలకును వెలివేతలకును జంకక నిలిచిన ధీరులు. వారి ప్రభావము లక్ష్మీనారాయణగారిపై గాఢముగా బడినది. ఆయనయు, ఆయన ధర్మపత్ని లక్ష్మీబాయమ్మగారును గుంటూరున వితంతువులకు శరణాలయము నేర్పరచి, వారి పునర్వివాహములకు తోడ్పడిరి. బంధువులు దూరమగుదురని యెరిగియే ఆ దంపతులీ పనికి బూనుకొనిరి. తలుపు తట్టి వచ్చిన యాడుబిడ్డల గాథలను వినుట, కన్నీటి వెనుకనున్న కారణములను తెలిసికొనుట వారికి నిత్యకృత్యమయ్యెను. రచయితకు కావలసిన మొదటి విద్య యిదియే: ఒకరు చెప్పుకొను కష్టమును ఓపికతో వినుట. కలము పట్టుటకు చాలకాలము ముందే లక్ష్మీనారాయణగారు ఈ విద్యను నేర్చిరి.

ఇచ్చట నాటి తెలుగు నవల స్థితిని గూర్చి రెండు మాటలు చెప్పవలయును. వీరేశలింగముగారి రాజశేఖర చరిత్రము 1878లో వారి వివేకవర్ధని పత్రికయందు ప్రకటింపబడి, 1880లో గ్రంథరూపమున వెలువడినది. లక్ష్మీనారాయణగారు ఊయలలో నున్న నాటికి తెలుగు నవలయు ఊయలలోనే యున్నదనవచ్చును. ఆ నవలకు ఆంగ్లకవి గోల్డుస్మిత్తు రచించిన యొక కథ ప్రేరణము. పిదప చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి రామచంద్ర విజయము 1894లో వచ్చినది. ఇవి యన్నియు మేలైన గ్రంథములే. అయినను ఆనాటి నవలలలో మనకు ప్రధానముగా కానవచ్చువారు అగ్రహారములవారు, ఉద్యోగులు, జమీందారులు, ప్రాచీన రాజులు. డొంక దాటి పల్లెలోనికి పోయి, యచ్చటి గుడిసెలో కూర్చుండి, ఆ కుటుంబమును నడిమింట నిలిపి పెద్ద నవల వ్రాయుటకు సాహసించినవారు అరుదు.

లక్ష్మీనారాయణగారు న్యాయవాదవృత్తిని చేపట్టి, ఉన్నత న్యాయవిద్యకై 1913లో సముద్రము దాటి ఐర్లండు దేశమునకు బోయిరి. నాడు మన దేశమువలెనే ఐర్లండును ఆంగ్లేయుల యేలుబడిలో నుండెను. ఆయన పయనమైన ఆ 1913వ సంవత్సరముననే డబ్లిను నగరమున కార్మికులకును యజమానులకును గొప్ప పోరాటము చెలరేగినది. సంఘములో చేరిన కూలివారికి పనియీయమని యజమానులు తలుపులు మూసివేయగా, ఇరువది వేలమంది వరకు పనివాండ్రు నెలల తరబడి యాకలితో నిలిచిరి. 1916 ఏప్రిలులో ఆ నగరముననే స్వాతంత్ర్యమునకై తిరుగుబాటు జరిగి, నాయకులు కాల్చివేయబడిరి. ఆ 1916లోనే లక్ష్మీనారాయణగారు బారిష్టరు పట్టముతో స్వదేశమునకు మరలి, మద్రాసు హైకోర్టున వృత్తి నారంభించిరి. మరుసటి యేడు రష్యాదేశమున విప్లవము జరిగి, కర్షకులును కార్మికులును రాజ్యమేలుదురను వార్త ప్రపంచమంతట మార్మోగెను.

దూరదేశమునకు బోయినవారికి స్వదేశము క్రొత్తగా కనబడునందురు. లక్ష్మీనారాయణగారి విషయమున నది నిజమయ్యెను. కూలికై పోరాడుట, సంఘముగా కూడుట, సమానత్వమును కోరుట అనునవి డబ్లినుకో పెట్రోగ్రాడుకో చెందిన విషయములు కావనియు, పల్నాటి పాలేరుకును, మంగళగిరి నేతగానికిని చెందినవనియు ఆయన తెలిసికొనిరి. ఆయన తరువాత వ్రాసిన నవలయందు ఈ క్రొత్త భావములన్నియు వచ్చును. కాని పరదేశపు దుస్తులతో రావు. గుంటూరు జిల్లా రైతు కల్లములో, కూలివాని నోట, భజనగోష్ఠి నడుమ వచ్చును.

1920లో గాంధీమహాత్ముడు సహాయనిరాకరణమునకు పిలుపునీయగా మన జిల్లా యుప్పెనవలె లేచినది. 1921లో చీరాల పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలు పురపాలక సంఘపు పన్నులను నిరాకరించి యిండ్లు విడిచి పోయిరి. 1922 ఆరంభమున పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున రైతులు శిస్తు కట్టమని నిలిచిరి. పల్నాడులో నడవిపుల్లరి పోరాటము సాగినది. పుల్లరి యనగా పశువులను అడవిలో మేపుకొనుటకు సర్కారునకు చెల్లింపవలసిన పన్ను. గొడ్డు గోదలే జీవనాధారమైన వారికి అది పెద్ద భారము. లక్ష్మీనారాయణగారు వృత్తిని లెక్కచేయక పల్నాటికి బోయి, ప్రజల కష్టములను విచారించి, వారికి బాసటగా నిలిచిరి. తత్ఫలితముగా 1921లో నిర్బంధింపబడి కారాగారమునకు పంపబడిరి. ఆ పోరాటముననే 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతుగారు తుపాకిగుండ్లకు బలియైరి.

లక్ష్మీనారాయణగారిని ఉంచిన చెరసాల రాయవేలూరులోనిది. ఆయన కప్పటికి నలువదినాలుగేండ్ల ప్రాయము. బారిష్టరు గౌను లేదు, కక్షిదారులు లేరు, సభలు లేవు. దినమంతయు నాలుగు గోడలు. మరియొకడైన దిగులుచెంది యుండును. ఆయన మాత్రము ఇరువదేండ్లుగా మనస్సున పేరుకొనియున్న దానిని కాగితముపై నుంచనారంభించిరి. వేములూరుపాటి డొంక, శరణాలయమునకు వచ్చిన స్త్రీల మాటలు, పల్నాటి కూలీల మొగములు, డబ్లినులో వినవచ్చిన సంఘముల వాదములు, ఇప్పుడు కన్నులయెదుట నున్న ఖైదీల బ్రదుకు, ఇవన్నియు గలసి మాలపల్లి యయ్యెను. మద్రాసు హైకోర్టు బారిష్టరునకు దొరకని తీరిక రాయవేలూరు ఖైదీకి దొరకెను. చెరసాలలో బెట్టినవారు తామొక మహాగ్రంథమునకు వసతి కల్పించుచున్నామని యెరుగరైరి.

ఆ నవల కథను చదువనివారి కొరకు కొంచెము చెప్పెదను. మంగళాపురమను గ్రామము. ఆ గ్రామపు మాలపల్లెలో రామదాసను భక్తుడు, ఆయన భార్య మహాలక్ష్మి. రామదాసు నెమ్మదియైనవాడు, వేదాంతము తెలిసినవాడు, ఎట్టి కష్టము వచ్చినను దైవముమీద భారముంచువాడు. ఆయన కొడుకు సంగదాసు చదువుకొన్న యువకుడు. ఊరి మోతుబరి చౌదరయ్య యింట పనిచేయుచుండును. చౌదరయ్య కుమారుడు రామానాయుడు సంగదాసునకు ప్రాణమిత్రుడు. కూలీల న్యాయమైన కోరికల పక్షమున నిలిచినందుకు సంగదాసు చౌదరయ్య దెబ్బకు ప్రాణములు విడుచును. రామదాసు మరియొక కొడుకు వెంకటదాసు తండ్రిశాంతమును అనుసరింపజాలక, తక్కెళ్ల జగ్గడను మారుపేరుతో ఉన్నవారిని దోచి లేనివారికి పంచువాడగును. చంపబడిన సంగదాసు పేర పల్లెలో చైతన్యము పుట్టును. అందుచేతనే ఈ నవలకు సంగవిజయమని మరియొక పేరు. ఒకే గుడిసెలో బుట్టినవారిలో ఒకడు ఓర్పును, ఒకడు సంఘమును, ఒకడు తిరుగుబాటును ఆశ్రయించుట చూపి, అన్యాయము నెదుర్కొనుటకు మార్గమేదని గ్రంథకర్త మనలను ప్రశ్నించును. ఆయన తీర్పు చెప్పు తొందరలో నుండరు. ప్రతివాని పక్షమును వానిచేతనే చెప్పింతురు. న్యాయవాదియై యుండుట ఇందులకు తోడ్పడినదని నా యభిప్రాయము.

భాషవిషయమునను ఆయన ధైర్యము మెచ్చదగినది. నాడు గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాషకై పోరాడుచుండిరి. పండితులనేకులు దానిని గ్రామ్యమని తిరస్కరించుచుండిరి. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము నాటకమున వాడుకభాష కొలువుదీరినను, నవలకు గ్రాంథికమే తగునని పలువురి నమ్మకము. లక్ష్మీనారాయణగారు తమ పాత్రలచేత గుంటూరు సీమ పలుకుబడులనే పలికించిరి. పల్లెవాని బాధను పల్లెవాని మాటలోనే చెప్పిన గాని సత్యము కాదని ఆయన యెరిగిరి. గ్రాంథికమున నీ వ్యాసము వ్రాయుచున్న నేనును ఆ సత్యము నొప్పుకొనక తప్పదు. అంతియే కాక పల్లెపాటల బాణీలో సమతాధర్మము, చరమగీతము మున్నగు గేయములను గూడ ఆయన గ్రంథమున జేర్చిరి.

ఇక గ్రంథము వ్రాయుట యొక యెత్తు, అది లోకములోనికి వచ్చుట మరియొక యెత్తు. మీలో ననేకులు కథ వ్రాసిన మరునాడే అచ్చులో చూడగోరుదురు, కాలేదని చిన్నబోవుదురు. మాలపల్లి పడిన పాట్లను వినుడు.

బెల్లంకొండ రాఘవరావుగారు ముందుకు వచ్చి 1922లో నీ నవలను ప్రకటించిరి. ప్రభుత్వమునకు వ్యతిరేకియై చెరసాలకు బోయినవాని గ్రంథమును అచ్చొత్తించుట ఆ దినములలో సామాన్యమైన తెగువ కాదు. ఆంధ్రపత్రికాధిపతులగు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దీనికి పీఠిక వ్రాసి, గ్రంథము యొక్క గొప్పదనమును లోకమునకు చాటిరి. అయినను ఆ సంతోషము చిరకాలము నిలువలేదు. కూలీలను రెచ్చగొట్టు భావములును రష్యా విప్లవపు ఛాయలును ఇందున్నవని తలచి మద్రాసు ప్రభుత్వము 1923లో ఈ నవలను నిషేధించినది.  ఒక గుడిసెలోని కుటుంబపు కథకు సామ్రాజ్యమే భయపడినదనిన ఆ కథకెంత బలమున్నదో యూహింపుడు.

1926లో మద్రాసు శాసనసభయందు ఈ నిషేధమును గూర్చి తీవ్రమైన చర్చలు జరిగినవి. ఒక తెలుగు నవలను గూర్చి చట్టసభలో వాదోపవాదములు జరుగుట చిన్న సంగతి కాదు. తుదకు కొన్ని మార్పులతో ముద్రించుటకు 1928లో అనుమతి లభించెను. తన పుస్తకమునుండి తన వాక్యములనే తొలగింపవలసి వచ్చిన గ్రంథకర్త మనస్సెట్లుండునో చెప్పనేల? అయినను గ్రంథము బ్రదికినది. పిమ్మట ఆంధ్రవిశ్వవిద్యాలయమువారు దీనిని పాఠ్యగ్రంథముగా నిర్ణయించిరి. ప్రభుత్వము మరల కలత జెంది, 1936లో అనుమతిని రద్దుచేసి, పాఠ్యగ్రంథముల పట్టికనుండి తొలగింపజేసెను. 1937లో రాజగోపాలాచారిగారు ప్రధానిగా కాంగ్రెసు మంత్రివర్గమేర్పడిన పిమ్మట గాని నిషేధము పూర్తిగా తొలగలేదు. లెక్కింపుడు: 1922 మొదలు 1937 వరకు పదునైదేండ్లు! గ్రంథము వెలువడిన నాడు పుట్టిన బిడ్డ ఉన్నత పాఠశాల చదువు ముగించునంతటి కాలము.

ఇచ్చట పెద్దలు కొందరు పడు పొరపాటొకటి సవరింపవలసియున్నది. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు తీసిన మాలపిల్ల చలనచిత్రము ఈ నవలకు రూపాంతరమని వారనుకొందురు. అది నిజము కాదు. ఆ చిత్రమునకు కథ చలముగారిది. పేర్లు దగ్గరగా నుండుటచేతను, రెండును అస్పృశ్యతను ఖండించుటచేతను ఈ భ్రమ కలిగినది.

గ్రంథమునకు నిషేధము కలిగినదని లక్ష్మీనారాయణగారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1922లోనే ఆ దంపతులు గుంటూరున శారదానికేతనమను విద్యాలయమును బాలికల కొరకు స్థాపించిరి. చదువుతోబాటు స్త్రీలు తమ కాళ్లపై తాము నిలువదగిన విద్యలు నేర్పుట దాని యుద్దేశము. దాని భారము నెక్కువగా మోసినవారు లక్ష్మీబాయమ్మగారు. ఉప్పు సత్యాగ్రహమున ఆమెయు కారాగారవాస మనుభవించిరి. లక్ష్మీనారాయణగారి పేరు చెప్పినప్పుడు ఆమె పేరు చెప్పకుండుట న్యాయము కాదు. ఇంటిని, శరణాలయమును, విద్యాలయమును ఆమె నడిపియుండనిచో, చెరసాలలో నిశ్చింతగా కలము పట్టుట ఆయనకు సాధ్యమయ్యెడిదా యని నాకు సందేహము. లక్ష్మీనారాయణగారు నాయకురాలను నాటకమును పల్నాటి చరిత్ర నాధారముగా జేసికొని రచించిరి. ఉప్పు సత్యాగ్రహోద్యమమునందును, 1942లో క్విట్టిండియా యుద్యమమునందును మరల చెరసాలకు బోయిరి. స్వరాజ్యమును కన్నులార జూచి, ఆంధ్రప్రదేశ మవతరించుటయు జూచి, 1958వ సంవత్సరము సెప్టెంబరు 25వ తేదీన పరమపదించిరి.

ఇట్టి మహనీయుని గ్రంథమునకు లోపములు లేవా యని మీరడుగవచ్చును. ఉన్నవి. కథనము అక్కడక్కడ సాగదీసినట్లుండును. వేదాంతచర్చలును రాజకీయచర్చలును కథను ఆపివేయుచుండును. రామదాసు ఓర్పు మితిమీరినదని నేటి చదువరులు కొందరు తలంతురు. ముఖ్యముగా నొకటి గమనింపవలయును: ఆయన ఊరిలో బుట్టి పల్లెను గూర్చి వ్రాసినవారు. ఎంత ప్రేమతో జూచినను వాకిటిలో నిలిచి చూచుట వేరు, ఆ యింటనే పుట్టి పెరుగుట వేరు. తలుపు తెరచినవారు లక్ష్మీనారాయణగారు. లోపలనుండి మాటలాడవలసినవారు ఆ యింటివారే. అట్లే జరిగినది గూడ. వినుకొండలో 1895లో బుట్టిన గుఱ్ఱము జాషువగారు, గుంటూరు క్రైస్తవ పాఠశాలలో ఉపాధ్యాయులుగా పనిచేసి, అవమానముల నెన్నింటినో మింగి, 1941లో గబ్బిలము కావ్యమును లోకమునకిచ్చిరి. ఆ పిమ్మట పల్లెలలో బుట్టినవారే కథలును, నవలలును, ఆత్మకథలును వ్రాసి తెలుగు సాహిత్యమును సంపన్నము చేసిరి. ఒకరు వేసిన కాలిబాట పలువురు నడచుటచేత రాచబాట యగును.

ఇప్పుడు మొదట జెప్పిన విద్యార్థి ప్రశ్నకు వత్తును. పల్లెను గూర్చి వ్రాసిన నెవరు చదువుదురు? చదువుదురు, నాయనా. ప్రభుత్వము వలదన్నను చదివిరి. చట్టసభలలో దానికై వాదులాడిరి. విశ్వవిద్యాలయమున పాఠముగా చదివిరి. గ్రంథము వెలువడి నూరేండ్లు దాటిన పిమ్మటను చదువుచున్నారు. రాజకుమారుల కథలు నాడును వేలకొలది వచ్చినవి; వాని పేర్లైనను మనకు తెలియవు. రామదాసు, సంగదాసు నిలిచిరి.

అయితే లక్ష్మీనారాయణగారి జీవితము మరి రెండు సంగతులను గూడ మనకు దెలుపుచున్నది. మొదటిది: వ్రాయుటకు ముందు బ్రదుకవలయును. ఆయన ఉపాధ్యాయుడై, న్యాయవాదియై, సంస్కర్తయై, ఖైదీయై, ఇతరుల కష్టములలో పాలుపంచుకొన్న పిమ్మట గాని ఆ నవలను వ్రాయలేదు. నలువదినాలుగేండ్లకు రచయితయైనవాడు ఆలస్యము చేసినవాడు కాడు, సిద్ధపడినవాడు. రెండవది: గ్రంథకర్త యొంటరివాడు కాడు. ప్రకటించిన రాఘవరావుగారు, పీఠిక వ్రాసిన నాగేశ్వరరావుగారు, సభలో వాదించిన సభ్యులు, ఇంటిని నిలిపిన లక్ష్మీబాయమ్మగారు, వీరందరి ధైర్యమును ఆ పుస్తకపు పుటలలో నున్నది. తల్లిదండ్రులును, ఉపాధ్యాయులమైన మేమును ఈ సంగతి మరువరాదు. బిడ్డ వ్రాసిన కథను చదివి, యిది మన యింటి గుట్టు, దీనిని వ్రాయకుమని మందలింపక, బాగుగా వ్రాసితివని వీపు తట్టినచో మనమును ఆ పనిలో పాలుగొన్నవారమగుదుము.

కావున విద్యార్థులారా, వచ్చు సంవత్సరపు సంచికకు కథ వ్రాయుటకు గూర్చుండినప్పుడు మహానగరములను వెదకుకొనుచు బోవలదు. సాయంకాలము పనినుండి వచ్చిన మీ యమ్మ చేతులను చూడుడు. మిరపకారము మంటకు ఆమె వానిని నీళ్లలో ముంచుకొనుచుండును. పత్తిధర పడిపోయిన నాటి రాత్రి మీ నాయన మాటలాడక కూర్చుండుటను చూడుడు. వారు చెప్పుకొనునది వినుడు. విన్నది విన్నట్లు, కన్నది కన్నట్లు, మీ నోటిమాటలోనే వ్రాయుడు. ఆ కథకై నేను నా బల్లయొద్ద వేచియుందును.